విషం నుంచి ఔషధానికి: దీర్ఘకాలిక మైగ్రేన్ చికిత్సలో బాట్యులినం టాక్సిన్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• బాట్యులినం టాక్సిన్ ఒక ఆహార విషంగా గుర్తింపు పొందిన నాటి నుంచి మైగ్రేన్ మందుగా ఆమోదం పొందే వరకు జరిగిన ముఖ్య పరిణామాలను వివరించగలుగుతారు.
• రోగి అనుభవానికీ శాస్త్రీయ నిరూపణకూ ఉన్న తేడాను ఈ చరిత్ర ఆధారంగా చర్చించగలుగుతారు.
• ఒక వ్యాధికి ఇచ్చిన నిర్వచనం ఆ వ్యాధికి చేసే చికిత్సను ఎలా ప్రభావితం చేస్తుందో చెప్పగలుగుతారు.

1. ప్రస్తావన

మైగ్రేన్‌ను మన ఇళ్లలో పార్శ్వపు నొప్పి అంటారు. ఆయుర్వేద గ్రంథాలలో అర్ధావభేదకం అనే పేరుతో తలలో ఒక సగానికి వచ్చే నొప్పి వర్ణన ఉంది. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ వాడిన 'హెమిక్రేనియా' అనే మాటకు కూడా 'సగం తల' అనే అర్థం. మైగ్రేన్ అనే పేరు దాని నుంచే వచ్చింది. అంటే ఈ బాధ కొత్తది కాదు. అయినా దీనిని వైద్యులు చాలాకాలం తగినంత శ్రద్ధతో పట్టించుకోలేదు. జ్వరాన్ని థర్మామీటరుతో కొలవవచ్చు, విరిగిన ఎముకను ఎక్స్‌రేలో చూడవచ్చు. తలనొప్పికి మాత్రం రోగి చెప్పే మాటే ఆధారం.

ఈ పాఠ్యభాగంలో మీరు చదవబోయే చరిత్రకు ఈ ఇబ్బందే కేంద్రం. బాట్యులినం టాక్సిన్ ఇంజెక్షన్లు దీర్ఘకాలిక మైగ్రేన్‌కు పనిచేస్తాయని 'యాదృచ్ఛికంగా' తెలిసిందని సాధారణంగా చెబుతారు. ఇందులో సగమే నిజం ఉంది. మొదటి సూచన అనుకోకుండా అందిన మాట వాస్తవమే. అయితే ఆ సూచన రుజువుగా మారడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో పలు పరీక్షలు విఫలమయ్యాయి. ఎవరిని పరీక్షించాలి, దేనిని లెక్కించాలి అనే ప్రశ్నలకు సమాధానాలు మారిన తరువాతే ఫలితం కనిపించింది. చదువుతున్నంతసేపూ ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకోండి.

2. సాసేజ్ విషం: కెర్నర్ పరిశీలనలు

పద్దెనిమిదవ శతాబ్దం చివరలో, పందొమ్మిదవ శతాబ్దం ఆరంభంలో నైరుతి జర్మనీలోని వుర్టెంబెర్గ్ ప్రాంతంలో ఒక వింత జబ్బు తరచుగా కనిపించేది. 1793లో విల్డ్‌బాడ్ అనే ఊరిలో 13 మంది జబ్బుపడగా 6 మంది చనిపోయారు. వారంతా జంతువుల రక్తంతో చేసి ఉడికించిన సాసేజ్ తిన్నవారే. నెపోలియన్ యుద్ధాల కాలంలో పేదరికం పెరిగి, ఆహారం తయారీలో శుభ్రత తగ్గడంతో ఇలాంటి మరణాలు ఎక్కువయ్యాయి.

ఆ ప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన జస్టినస్ కెర్నర్ (1786-1862) ఈ జబ్బును శ్రద్ధగా అధ్యయనం చేశాడు. జర్మన్ సాహిత్యంలో కవిగా కూడా ఆయనకు పేరుంది. 1820లో 76 మంది రోగుల వివరాలతో, 1822లో 155 మంది వివరాలతో ఆయన గ్రంథాలు ప్రచురించాడు. నోరు ఎండిపోవడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, క్రమంగా కండరాలు చచ్చుబడటం వంటి లక్షణాలను ఆయన నమోదు చేశాడు. ఇంత జరుగుతున్నా రోగి తెలివి మాత్రం చెక్కుచెదరదని గమనించాడు. జంతువుల మీదనే కాక, కొద్ది మోతాదులో తన మీద కూడా ఈ విషాన్ని ప్రయోగించుకున్నాడు.

కెర్నర్ చేసిన ఊహ ఈ చరిత్రలో ముఖ్యమైనది. ఈ విషం నాడుల నుంచి కండరాలకు, గ్రంథులకు వెళ్లే సంకేతాన్ని అడ్డుకుంటుందని ఆయన భావించాడు. అలాగైతే, నాడులు అతిగా ఉద్రేకపడే జబ్బులలో దీనినే అతి తక్కువ మోతాదులో మందుగా వాడవచ్చని సూచించాడు. ఆ సూచనను అమలు చేసే సాధనాలు ఆయన కాలంలో లేవు. విషాన్ని వేరుచేయడం, శుద్ధి చేయడం, కొలిచి ఇవ్వడం అప్పటికి ఎవరికీ తెలియవు.

3. సూక్ష్మజీవి, యుద్ధకాలపు ప్రయోగశాల

1895 డిసెంబరులో బెల్జియంలోని ఎలెజెల్ అనే గ్రామంలో ఒక అంత్యక్రియకు వచ్చిన వాద్యబృందం ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం తిన్నది. చాలామంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. గెంట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ మిగిలిన మాంసాన్ని, మృతుల శరీర భాగాలను పరీక్షించి, గాలి లేనిచోట పెరిగే ఒక బాక్టీరియాను వేరుచేశాడు. 1897లో తన ఫలితాలను ప్రచురించాడు. లాటిన్‌లో 'బాట్యులస్' అంటే సాసేజ్. బాక్టీరియాకూ, విషానికీ, వ్యాధికీ ఆ పేరే స్థిరపడింది.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ విషాన్ని మరో దిశకు మళ్లించింది. శత్రువులు దీనిని ఆయుధంగా వాడవచ్చనే భయంతో అమెరికా సైన్యం మేరీలాండ్ రాష్ట్రంలోని క్యాంప్ డెట్రిక్‌లో పరిశోధన ప్రారంభించింది. 1946లో అక్కడి శాస్త్రవేత్తలు ఎ-రకం విషాన్ని స్ఫటిక రూపంలో పొందారు. 1949లో బ్రిటన్‌లో ఆర్నాల్డ్ బర్గెన్, ఆయన సహచరులు ఈ విషం నాడీ కొనల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా ఆపుతుందని చూపారు. ఎసిటైల్‌కోలిన్ అందకపోతే కండరం ముడుచుకోదు. కెర్నర్ ఊహకు ఈ విధంగా ప్రయోగపరమైన ఆధారం దొరికింది.

4. మెల్లకన్ను నుంచి నుదుటి ముడతల వరకు

శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన కంటి వైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్నుకు శస్త్రచికిత్స కాకుండా మరో మార్గం కోసం వెతుకుతున్నాడు. కన్ను ఒకవైపు తిరిగిపోవడానికి కారణమైన కండరాన్ని కొంతకాలం బలహీనపరిస్తే కన్ను సరిపడుతుందని ఆయన ఆలోచన. యుద్ధకాలపు పరిశోధనలో పాల్గొన్న ఎడ్వర్డ్ షాంట్జ్ ఆయనకు శుద్ధమైన టాక్సిన్ అందించాడు. స్కాట్ 1973లో కోతులపై, 1980లో మనుషులపై చేసిన ప్రయోగాల ఫలితాలను ప్రచురించాడు. 1979 నవంబరులో తయారైన ఒకే ఒక రాశి నుంచి 1997 వరకు రోగులకు మందు అందింది. దీనిని బట్టి అవసరమయ్యే మోతాదు ఎంత స్వల్పమో మీరు ఊహించవచ్చు.

1989 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్.డి.ఎ.) మెల్లకన్నుకు, కనురెప్పలు అదుపు లేకుండా బిగుసుకుపోయే జబ్బుకు ఈ మందును ఆమోదించింది. అలర్గాన్ కంపెనీ దీని హక్కులు పొంది 'బొటాక్స్' అని పేరు పెట్టింది.

ఇక్కడి నుంచి కథ కంటి ఆసుపత్రి దాటి బయటకు వచ్చింది. 1987లో కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కారుథర్స్ దగ్గర కనురెప్పల జబ్బుకు ఇంజెక్షన్లు తీసుకుంటున్న ఒక రోగి, వాటివల్ల తన కనుబొమల మధ్య ముడతలు పోతున్నాయని చెప్పింది. జీన్, చర్మవ్యాధుల వైద్యుడైన ఆమె భర్త అలస్టేర్ ఆ మాటను పట్టుకుని ముడతల చికిత్సను పరీక్షించి 1992లో ప్రచురించారు. దీనితో నొప్పితో సంబంధం లేని వేలాది మంది నుదుటిలోకి ఈ మందు చేరడం మొదలైంది. వారిలో మైగ్రేన్ ఉన్నవారు కూడా సహజంగానే ఉన్నారు.

5. రోగులు చెప్పిన మాట

1990ల తొలినాళ్లలో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో ముఖ సౌందర్య శస్త్రవైద్యుడు విలియం బైండర్ దగ్గరకు ముడతల కోసం వచ్చినవారిలో కొందరు ఒక విషయం చెప్పారు. ఇంజెక్షన్ల తరువాత తమకు తలనొప్పులు తగ్గాయన్నారు. బైండర్, ఆయన సహచరులు ఈ అనుభవాలను క్రమపద్ధతిలో సేకరించి 2000లో 106 మంది వివరాలు ప్రచురించారు. మైగ్రేన్ నివారణకు చికిత్స పొందిన 77 మందిలో 51 శాతం మంది తమ నొప్పి పూర్తిగా తగ్గిందని చెప్పారు. ఆ ఉపశమనం సగటున నాలుగు నెలలు నిలిచింది.

ఈ అంకెలు ఆకర్షణీయంగా ఉన్నాయి. అయితే మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ అధ్యయనంలో మందు ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ అది ఏ మందో తెలుసు. పోల్చి చూడటానికి మందు లేని సూది వేసిన మరో బృందం లేదు. మైగ్రేన్ తనంతట తాను హెచ్చుతగ్గులకు లోనయ్యే జబ్బు. బాధ మరీ ఎక్కువైనప్పుడే మనిషి వైద్యుడి దగ్గరకు వెళతాడు కనుక, ఆ తరువాత కొంత తగ్గుదల ఎలాగూ కనిపించవచ్చు. చికిత్స మీద నమ్మకం కూడా నొప్పిని తగ్గిస్తుంది. అందువల్ల రోగుల మాట అబద్ధం కాకపోయినా, తగ్గుదలకు కారణం మందేనని ఆ మాట ఒక్కటే నిరూపించలేదు. రోగి మాటను గౌరవించడమంటే దానిని గట్టి పరీక్షకు పెట్టడమే అని ఈ ఘట్టం మనకు చెబుతుంది.

6. విఫలమైన పరీక్షలు, మారిన ప్రశ్న

2000లోనే స్టీఫెన్ సిల్బర్‌స్టీన్ బృందం 123 మంది మైగ్రేన్ రోగులపై డబుల్ బ్లైండ్ పరీక్ష ఫలితాలను ప్రచురించింది. డబుల్ బ్లైండ్ అంటే ఎవరికి అసలు మందు, ఎవరికి ప్లాసిబో అంటే మందు లేని సూది అందిందో రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరిపే పరీక్ష. ఇందులో 25 యూనిట్లు పొందినవారికి మేలు కనిపించింది. 75 యూనిట్లు పొందినవారికి మాత్రం ప్లాసిబో కంటే స్పష్టమైన మేలు కనిపించలేదు. మోతాదు పెరిగితే ఫలితం తగ్గడమేమిటనే సందేహం సహజంగానే తలెత్తింది.

ఆ తరువాతి సంవత్సరాలలో, నెలలో కొన్నిసార్లు మాత్రమే మైగ్రేన్ వచ్చే రోగులపై పెద్ద పరీక్షలు జరిగాయి. వాటిలో మందుకూ ప్లాసిబోకూ చెప్పుకోదగిన తేడా రాలేదు. 2008లో అమెరికా నరాల వైద్యుల సంఘం ఆధారాలను సమీక్షించి, ఇటువంటి అడపాదడపా మైగ్రేన్‌కు ఈ ఇంజెక్షన్లు బహుశా పనిచేయవని తేల్చింది.

అదే సమయంలో మరో వైపు ఒక మార్పు జరుగుతోంది. అప్పుడప్పుడు వచ్చే మైగ్రేన్ కొందరిలో సంవత్సరాలు గడిచేకొద్దీ దాదాపు రోజువారీ నొప్పిగా మారుతుందని హ్యూస్టన్‌లో తలనొప్పుల వైద్యం చేసిన నినాన్ మాథ్యూ 1980లలోనే రాశాడు. నొప్పి మాత్రలు అతిగా వాడటం కూడా దీనికి దోహదం చేస్తుందని వైద్యులు గుర్తించారు. 2004లో వెలువడిన అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ రెండవ కూర్పులో 'దీర్ఘకాలిక మైగ్రేన్'కు ప్రత్యేక స్థానం దక్కింది. 2006లో ఆ ప్రమాణాలను సవరించారు. ఇప్పటి నిర్వచనం ప్రకారం మూడు నెలలకు మించి, నెలకు 15 లేదా అంతకంటే ఎక్కువ రోజులు తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు ఉంటే అది దీర్ఘకాలిక మైగ్రేన్.

2005లో మాథ్యూ బృందం రోజువారీ తలనొప్పి ఉన్న 355 మందిపై పరీక్ష జరిపింది. ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన కొలమానంలో విజయం రాలేదు. కానీ మరికొన్ని కొలమానాలలో మేలు కనిపించింది. దీనితో పరిశోధకుల దృష్టి తరచుగా బాధపడే రోగుల వైపు మళ్లింది.

7. ప్రీఎంప్ట్ పరీక్షలు: దేనిని లెక్కించారు?

'ప్రీఎంప్ట్' పేరుతో అలర్గాన్ కంపెనీ నిధులతో రెండు పెద్ద పరీక్షలు ఉత్తర అమెరికా, ఐరోపా కేంద్రాలలో జరిగాయి. రెండింటిలో కలిపి 1,384 మంది పాల్గొన్నారు. వీరిలో 688 మందికి మందు, 696 మందికి ప్లాసిబో ఇచ్చారు. మొదటి 24 వారాలు డబుల్ బ్లైండ్ పద్ధతిలో, తరువాతి 32 వారాలు అందరికీ మందు ఇస్తూ సాగాయి. ఎక్కడ ఎంత ఇవ్వాలో ముందే స్థిరపరచారు. నుదురు, కనుబొమల మధ్య భాగం, కణతలు, తల వెనుక భాగం, మెడ, భుజాలలోని ఏడు కండర ప్రాంతాలలో 31 చోట్ల మొత్తం 155 యూనిట్లు, 12 వారాలకు ఒకసారి ఇచ్చారు. అవసరాన్ని బట్టి 195 యూనిట్ల వరకు పెంచే వీలుంది.

మొదటి పరీక్షలో ప్రధాన కొలమానం నొప్పి ఎన్నిసార్లు వచ్చిందన్నది. మందు తీసుకున్నవారిలో సగటున 5.2 సార్లు, ప్లాసిబో తీసుకున్నవారిలో 5.3 సార్లు తగ్గింది. అంటే తేడా లేదు. ఆ లెక్క ప్రకారం పరీక్ష విఫలమైంది. అయితే నెలలో సగానికి పైగా నొప్పితో ఉండేవారి విషయంలో 'ఎన్నిసార్లు' అనే ప్రశ్నకే అర్థం తక్కువ. నాలుగు రోజులు విడవకుండా వచ్చిన నొప్పి ఒక్కసారే అవుతుంది. నాలుగు గంటలు ఉండి పోయిన నొప్పి కూడా ఒక్కసారే. రోగి జీవితంలో నష్టమయ్యేది రోజులు. అందుకే రెండవ పరీక్షలో, ఎవరికి ఏ సూది వేశారన్న గుట్టు విప్పకముందే, ప్రధాన కొలమానాన్ని 'తలనొప్పి ఉన్న రోజుల సంఖ్య'గా మార్చారు. ఈసారి మందు బృందంలో 28 రోజులకు 9.0 రోజులు, ప్లాసిబో బృందంలో 6.7 రోజులు తగ్గాయి. రెండు పరీక్షలను కలిపి చూస్తే తగ్గుదల 8.4 రోజులు, 6.6 రోజులు.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవండి. పరీక్ష మొదట్లో ఈ రోగులకు 28 రోజులలో దాదాపు 20 రోజులు తలనొప్పి ఉండేది. మందు తీసుకున్నవారికి 8.4 రోజులు తగ్గింది కదా అని ఆ మొత్తాన్ని మందు ఖాతాలో వేయకూడదు. అందులో మందు వల్ల అదనంగా వచ్చిందని చెప్పగలిగేది 1.8 రోజులు మాత్రమే. ఇది సగటు కనుక కొందరికి ఇంకా ఎక్కువ, కొందరికి ఏమీ లేకపోవచ్చు. 2018లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష కూడా దీర్ఘకాలిక మైగ్రేన్‌లో ప్లాసిబో కంటే నెలకు సుమారు రెండు రోజుల తగ్గుదల ఉంటుందని పేర్కొంది. రెండు రోజులు చిన్న సంఖ్యే. కానీ నెలలో ఇరవై రోజులు చీకటి గదిలో గడిపే మనిషికి, ఏడాదికి ఇరవైకి పైగా రోజులు తిరిగి దక్కడం చిన్న విషయం కాదు.

8. అనుమతి, వ్యాపారం, విమర్శ

2010 జులైలో బ్రిటన్, అక్టోబరు 15న అమెరికా ఎఫ్.డి.ఎ. దీర్ఘకాలిక మైగ్రేన్ నివారణకు ఈ మందును ఆమోదించాయి. అమెరికా ఆమోదానికి ఆరు వారాల ముందు, 2010 సెప్టెంబరు 1న, మరో వార్త వెలువడింది. అనుమతి లేని ఉపయోగాలకు బొటాక్స్‌ను ప్రచారం చేసిందన్న కేసులో అలర్గాన్ కంపెనీ 60 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఆ ఉపయోగాలలో తలనొప్పి కూడా ఒకటి. ఒకే మందు, ఒకే జబ్బు, కొద్ది వారాల తేడాలో ఒక శిక్ష, ఒక ఆమోదం. వైద్యుడు తన విచక్షణతో ఒక మందును ఇతర జబ్బులకు వాడవచ్చు. రుజువు రాకముందే కంపెనీ దానిని ఆ జబ్బుకు అమ్ముకోవడాన్ని మాత్రం చట్టం ఒప్పుకోదు. రుజువు తరువాత వచ్చినంత మాత్రాన ముందు చేసిన ప్రచారం సరైనదైపోదు.

విమర్శకులు మరో ప్రశ్న కూడా వేశారు. నుదుటి ముడతలు పోవడాన్ని అద్దంలో చూసుకున్న రోగికి తనకు అసలు మందే అందిందని తెలిసిపోదా? అలా తెలిస్తే డబుల్ బ్లైండ్ పద్ధతి కొంత దెబ్బతిన్నట్లే. ఈ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చలేం.

బ్రిటన్‌లో చికిత్సల విలువను అంచనా వేసే నైస్ సంస్థ 2012లో షరతులతో అనుమతి ఇచ్చింది. కనీసం మూడు నివారణ మందులు పనిచేయని వారికే ఇవ్వాలి. రెండు విడతల తరువాత తలనొప్పి రోజులు కనీసం 30 శాతం తగ్గకపోతే ఆపాలి. మెడనొప్పి, కనురెప్ప వాలడం, కండరాల బలహీనత వంటి దుష్ప్రభావాలు ఉన్నాయి. మందు ప్రభావం ఇంజెక్షన్ చేసిన చోటు దాటి వ్యాపించే ప్రమాదం గురించి ఎఫ్.డి.ఎ. 2009లోనే తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది.

9. ఎలా పనిచేస్తుంది? మారిన వివరణ

మొదట్లో చాలామంది, బిగుసుకున్న తల, మెడ కండరాలు సడలడం వల్ల నొప్పి తగ్గుతుందని అనుకున్నారు. ముడతల చికిత్స నుంచి వచ్చిన మందు కనుక ఆ వివరణ సహజంగా తోచింది. అంతకుముందు 1938లో జాన్ గ్రాహం, హెరాల్డ్ వుల్ఫ్ చేసిన ప్రయోగాల ప్రభావంతో మైగ్రేన్‌ను రక్తనాళాల జబ్బుగా చూసేవారు.

1993లో ఎ-రకం టాక్సిన్ నాడీ కొనలలోని స్నాప్-25 అనే ప్రోటీన్‌ను కోసివేస్తుందని తెలిసింది. నాడి తన రసాయనాలను బయటకు పంపడానికి ఈ ప్రోటీన్ అవసరం. ఈ పని కండరాలకు వెళ్లే నాడులలోనే కాదు, నొప్పిని మోసే నాడులలోనూ జరుగుతుంది. 2004లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు టాక్సిన్ నొప్పిని తగ్గిస్తుందని, దానికి కండరాల బలహీనత కారణం కాదని సూచించాయి. మైగ్రేన్‌లో ముఖ్య పాత్ర వహించే సి.జి.ఆర్.పి. అనే పదార్థం విడుదల కూడా దీనివల్ల తగ్గుతుందని ఇప్పుడు భావిస్తున్నారు. ఆ పదార్థాన్ని నేరుగా లక్ష్యంగా చేసుకున్న మందులు 2018 నుంచి అందుబాటులోకి వచ్చాయి. మందు పనిచేస్తుందని ముందు తేలి, ఎందుకు పనిచేస్తుందో తరువాత తెలియడం వైద్య చరిత్రలో అరుదు కాదు.

10. సారాంశం

కెర్నర్ లక్షణాలను వర్ణించాడు, వాన్ ఎర్మెంగెమ్ సూక్ష్మజీవిని కనుగొన్నాడు, స్కాట్ విషాన్ని మందుగా మలిచాడు. మైగ్రేన్ విషయంలో తొలి సూచన మాత్రం రోగుల నుంచే వచ్చింది. ఆ సూచన అడపాదడపా మైగ్రేన్‌లో నిలబడలేదు. దీర్ఘకాలిక మైగ్రేన్‌కు ప్రత్యేక నిర్వచనం ఏర్పడి, 'ఎన్నిసార్లు' బదులు 'ఎన్ని రోజులు' అని లెక్కించినప్పుడు నిలబడింది. రుజువైన మేలు పరిమితమైనదే, కానీ నిజమైనది. ఒక మందు చరిత్రను చదివేటప్పుడు కనుగొన్నవారి పేర్లతో పాటు, ఎవరిని పరీక్షించారు, దేనిని లెక్కించారు, ఖర్చు ఎవరు భరించారు అని కూడా మీరు అడగాలి.

11. మాదిరి ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బాట్యులినం విషంపై కెర్నర్ చేసిన పరిశీలనలను పేర్కొనండి.
2. బైండర్ అధ్యయనాన్ని రుజువుగా ఎందుకు పరిగణించలేము?

ఆ) ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వ్యాధి నిర్వచనంలో, కొలమానంలో వచ్చిన మార్పులు బాట్యులినం టాక్సిన్ పరీక్షల ఫలితాలను ఎలా ప్రభావితం చేశాయో చర్చించండి.
2. "బాట్యులినం టాక్సిన్ మైగ్రేన్ చికిత్స యాదృచ్ఛిక ఆవిష్కరణ." ఈ అభిప్రాయంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?